సౌండు తగ్గించిన పాట

మేడ్చల్‌లో ఆదివారం ఉదయం ఎనిమిదైంది. అమెరికాలోని డల్లాస్‌లో ఇంకా శనివారం రాత్రి తొమ్మిదిన్నరే. ఇక్కడ అమ్మ మామిడికాయ తొక్కు కలిపిన చేతులు కడుక్కుని, ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టింది. అక్కడ కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. గదిలో ఏదో ఇంగ్లిషు పాట హోరెత్తిపోతోంది. ఫోన్ మోగగానే అతను మొదట చేసిన పని... పాట సౌండు తగ్గించడం.

‘‘తిన్నవా బిడ్డా?’’

‘‘తిన్ననమ్మా.’’

‘‘గా సప్పుడేంది?’’

‘‘ఏం లేదు. పాట.’’

‘‘ఎటో పోయేటట్టున్నవ్. ఒక్కనివేనా?’’

‘‘ఫ్రెండ్స్ వచ్చిన్రు. పాటల ప్రోగ్రాం ఉంది.’’

అమ్మ సంతోషించింది. పరాయి దేశంలో పిల్లాడు ఒంటరిగా లేడు, అంతే చాలు. తర్వాత అసలు సంగతికి వచ్చింది. సిద్దిపేట సంబంధం. పిల్ల బీటెక్ చదివింది. ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. చూశాడా లేదా?

చూశాడు. ‘‘ఇప్పుడొద్దమ్మా’’ అన్నాడు. మూడేళ్లుగా అదే మాట. ‘‘మరి ఎప్పుడు?’’ అని అమ్మ అడిగేలోపు నాన్న పక్కనుంచి వచ్చి వాతావరణం ఎలా ఉందో కనుక్కున్నాడు. ఫోన్ పెట్టేశాక పాట సౌండు మళ్లీ పెరిగింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. వచ్చిన ‘ఫ్రెండ్స్’ ఒక్కరే. ఆ ఒక్కరూ అబ్బాయే. రెండేళ్లుగా ఇద్దరూ కలిసే ఉంటున్నారు.

ఈ అమ్మకీ కొడుక్కీ ఇక్కడ పేర్లు లేవు. ఇది ఊహించి చెప్పిన కథే. కానీ వాళ్ల చుట్టూ ఉన్నవి... ఆ పాటలు, పాడినవాళ్లు, చట్టాలు, మేడ్చల్‌కి కూతవేటు దూరంలో శామీర్‌పేటలో ఉన్న ఓ కాలేజీ... అన్నీ నిజాలే.

ద్రాక్ష పందిళ్ల నుంచి డల్లాస్ దాకా

ఒకప్పుడు కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళ్తే ద్రాక్ష పందిళ్లు కనిపించేవి. తర్వాత పందిళ్లు పోయి ప్లాట్లొచ్చాయి. వాటి పక్కనే ఇంజినీరింగ్ కాలేజీలొచ్చాయి. తాత అమ్మిన తోట డబ్బుల్లో కొంత ఇల్లయింది, కొంత మనవడి ఎమ్మెస్ ఫీజయింది. 2016లో మేడ్చల్ పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. 2008 దాకా పిల్లల్ని విమానం ఎక్కించాలంటే బేగంపేట వెళ్లేవాళ్లు. ఇప్పుడు నగరంలోకి వెళ్లే పనే లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే తిన్నగా శంషాబాద్. ఆ దారిలో నవ్వుతూ వెళ్లి, ఏడుస్తూ వెనక్కి వచ్చిన తల్లులు ఈ చుట్టుపక్కల వీధికొకరు ఉంటారు.

మన అబ్బాయీ అలాగే వెళ్లాడు. అక్కడి బతుకులో మాత్రం సినిమాల్లో చూపించినంత సీన్ లేదు. మొదట్లో రెండు పడగ్గదుల ఇంట్లో నలుగురు కుర్రాళ్లు. వంటకి వంతులు. బట్టలు ఉతికే యంత్రంలో వేయడానికి చిల్లర నాణేలు దాచుకోవడం. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు రేటు చూసి నోరెళ్లబెట్టడం. తర్వాత ఉద్యోగం, హెచ్1బీ వీసా. ఆ ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. ఆ లెక్క బుర్రలో ఓ మూల ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

వారాంతం వస్తే ఎవరో ఒకరింట్లో తెలుగువాళ్ల పాట్‌లక్. పులిహోర, బిర్యానీ, చివర్లో అంత్యాక్షరి. అక్కడ అందరూ మంచివాళ్లే. కాకపోతే ప్రశ్నలు ఆగవు. ‘మీదే ఊరు? మేడ్చలా! అక్కడిప్పుడు గజం ఎంత పలుకుతోంది? మీ నాన్నగారేం చేస్తారు? ఇంకా పెళ్లి కాలేదా? మా తోడికోడలి చెల్లెలుంది...’ ఇంటికెళ్లేసరికి తినడం కంటే తప్పించుకోవడంతోనే ఎక్కువ అలసిపోయి ఉంటాడు.

అదే కుర్రాడు పాప్ కచేరీ క్యూలో నిలబడితే ఎవరూ ఊరు అడగరు. వీసా అడగరు. పెళ్లి అడగరు. పక్కవాడు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ ఆల్బమ్ ఇష్టం?’ అని. ఆ ఒక్క ప్రశ్నకీ అతని దగ్గర గంటసేపు చెప్పేంత జవాబుంది!

ఎందుకంటే అతను మామూలు అభిమాని కాదు. టికెట్లు అమ్మకానికి పెట్టే రోజు ఆఫీసు మీటింగులో కూర్చుని బల్ల కింద ఫోన్ నొక్కుతుంటాడు. డల్లాస్‌లో దొరక్కపోతే నాలుగు గంటలు కారు నడుపుకుంటూ హ్యూస్టన్ వెళ్తాడు. రికార్డు ప్లేయర్ లేకుండానే ఎల్పీ రికార్డులు కొన్నాడు. అట్ట మీది బొమ్మ చూసుకోవడానికట!

ఇది పిచ్చి అనిపిస్తే ఒక్కసారి వాళ్ల నాన్ననే అడగాలి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయిన రోజు ఆయనకి పదమూడేళ్లు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేసినా, చివరి ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సులో కూర్చుని ఆ పాటలే కూనిరాగం తీసేవాడు. అభిమానం ఆ ఇంట్లో కొత్తగా పుట్టింది కాదు. కొడుక్కి ఆస్తిలా వచ్చింది.

‘వచ్చిన్రు’లో దాక్కున్నదెవరు?

అబ్బాయి గే. అంటే అతని మనసు అమ్మాయిల మీదికి కాకుండా అబ్బాయిల మీదికే వెళ్తుంది. ఆ సంగతి అతనికి డల్లాస్‌లో తెలియలేదు. మేడ్చల్‌లోనే, ఇంటర్ చదివేటప్పుడే తెలుసు. చెప్పుకోవడానికే ఎవరూ దొరకలేదు.

మన భాషలో ఓ వెసులుబాటుంది. ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అంటే ఆ వచ్చింది ఆడో మగో మాట బయటపెట్టదు. హిందీలో అలా కుదరదు, ‘ఆయా’ అన్నా ‘ఆయీ’ అన్నా తెలిసిపోతుంది. తెలుగులో చిక్కల్లా మూడో మనిషి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడే. ‘వచ్చిండు’ అంటే అబ్బాయి. ‘వచ్చింది’ అంటే అమ్మాయి. తప్పించుకునే దారి ఒక్కటే... ‘వచ్చిన్రు’. అందులో ఎంతమందైనా పడతారు. ఎవరైనా దాక్కోవచ్చు. ఇలాంటి పిల్లలు చాలామంది ఆ ‘రు’ని పట్టుకుని ఏళ్లకేళ్లు నెట్టుకొస్తారు.

పాప్ పాట అతన్ని పట్టేసింది కూడా అక్కడే. ఇంగ్లిషు ప్రేమ పాటలు చాలావరకు ‘నేను’కీ ‘నువ్వు’కీ మధ్యే నడుస్తాయి. ఆ ‘నువ్వు’ ఎవరన్నది వినేవాడి ఇష్టం. మన సినిమా పాట వింటే కళ్లముందు హీరో పక్కన హీరోయిన్ కనబడుతుంది. ఏ బొమ్మా చూడకుండా చెవిలో విన్న పాటలో మాత్రం మేడ్చల్ కుర్రాడికి కూడా కాస్త చోటు దొరికింది.

ఇది అతని ఒక్కడి అనుభవం కాదు. జూడీ గార్లండ్ కాలం నుంచి మడోనా, కైలీ మినోగ్ దాకా కొందరు గాయనులకు గే అభిమానులు ప్రాణం పెట్టడం ప్రపంచమంతా తెలిసిన సంగతే. 2011లో లేడీ గాగా ఒక అడుగు ముందుకేసింది. ‘బార్న్ దిస్ వే’ పాటలో గే అన్న మాటనే దాపరికం లేకుండా వాడింది. అది అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పుడు మన అబ్బాయికి పదహారేళ్లు. సెల్‌ఫోన్ దుకాణంలో డబ్బులిస్తే మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చే రోజులవి. అందరూ ‘దూకుడు’ పాటలు ఎక్కించుకుంటుంటే, ఇతను వాటి మధ్యలో ఆ ఒక్క ఇంగ్లిషు పాటనీ ఎక్కించుకున్నాడు. ఎవరైనా ఫోన్ లాక్కుంటే దొరకకూడదని!

జాంజిబార్ టు లండన్... వయా పంచ్‌గని

ఆ అబ్బాయి గదిలో గోడ మీద ఓ మీసాల మనిషి పోస్టరుంది. తెల్ల బనియను, బిగించి పైకెత్తిన పిడికిలి. ఎవరో అమెరికా వాడు అనుకుంటుంది అమ్మ. నిజానికి ఆయన మనవాడే.

పేరు ఫరూఖ్ బల్సారా. లోకానికి తెలిసిన పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు గుజరాత్ మూలాలున్న పార్సీలు. నాన్న బ్రిటిష్ ప్రభుత్వ కొలువులో క్యాషియరు. కొడుకుని ఎనిమిదేళ్లకే ఓడెక్కించి మహారాష్ట్రలోని పంచ్‌గనికి పంపారు. అక్కడ సెయింట్ పీటర్స్ స్కూలు హాస్టల్లో చదువు, పియానో పాఠాలు. ‘హెక్టిక్స్’ పేరుతో మొదటి బ్యాండు కట్టింది కూడా అక్కడే. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చాక కుటుంబమంతా లండన్ శివార్లలోని ఫెల్తమ్‌కి వలస వెళ్లింది. అప్పటికతనికి పదిహేడేళ్లు. హీత్రూ విమానాశ్రయంలో సామాన్లు మోసే పని కూడా చేశాడు.

1970లో ‘క్వీన్’ బృందం ఏర్పడింది. 1975లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ దాన్ని ఆకాశానికెత్తింది. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో ‘లైవ్ ఎయిడ్’ కచేరీ. సుమారు 72 వేల మంది జనం. ఇరవై నిమిషాలు... అంతే. ఆ జనమంతా ఆయన చెయ్యెత్తితే చేతులెత్తారు, గొంతు కలపమంటే కలిపారు.

అంతమందితో పాడించిన మనిషి తన గురించి మాత్రం తక్కువే మాట్లాడాడు. మగవాళ్లతో తన అనుబంధాల గురించి గానీ, జబ్బు గురించి గానీ బాహాటంగా చెప్పలేదు. తనకు ఎయిడ్స్ ఉందని 1991 నవంబరు 23న ప్రకటన ఇచ్చాడు. మర్నాడే కన్నుమూశాడు. నలభై అయిదేళ్లు. అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పూజారులే జరిపించారు. ఎన్ని పేర్లు మార్చుకున్నా చివరికి అమ్మానాన్నల మతంలోనే సాగనంపారు.

అమ్మ ఏమైపోతుందోనని...

జార్జ్ మైకేల్ కూడా వలస ఇంటి బిడ్డే. అసలు పేరు యోర్గోస్ పనాయోటు. నాన్న 1950ల్లో సైప్రస్ నుంచి ఇంగ్లండ్ వచ్చి రెస్టారెంటు నడిపాడు. కొడుకు 1980ల్లో అమ్మాయిల కలల రాకుమారుడయ్యాడు. తాను గే అని లోకానికి చెప్పింది మాత్రం 1998లో. అదీ ఓ కేసులో పోలీసులకి దొరికాక, పత్రికలన్నీ గోల చేశాక. అంతకు ముందు ఏడాదే వాళ్లమ్మ పోయింది.

అన్నాళ్లు ఎందుకు ఆగినట్టు? 2007లో బీబీసీ రేడియోలో జవాబు చెప్పాడు. అవి ఎయిడ్స్ భయం రాజ్యమేలుతున్న రోజులు. సంగతి బయటపడితే కొడుక్కి ఏమవుతుందోనని వాళ్లమ్మ రోజూ నరకం అనుభవించేది. ఆ దిగులుతోనే నోరు విప్పలేదట. వినేవాళ్లు కోట్లమంది ఉన్నా అతను తలుచుకుని భయపడింది ఒక్క మనిషి గురించే. మేడ్చల్ అమ్మకి ఆ పాటలు తెలియకపోవచ్చు. ఆ భయం ఏమిటో మాత్రం ఒక్క మాటలో అర్థమవుతుంది.

కాలం మారింది. ట్రాయ్ సివాన్ అనే కుర్రాడు 1995లో దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో పుట్టాడు. రెండేళ్లప్పుడు కుటుంబం ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వలస వెళ్లింది. పదిహేనేళ్లకే, 2010లో, ఇంట్లో చెప్పేశాడు. సరిగ్గా మూడేళ్లకి, 2013 ఆగస్టు 7న, యూట్యూబ్‌లో లోకానికీ చెప్పాడు. ఆ తర్వాతే పెద్ద పాప్ గాయకుడయ్యాడు. ముగ్గురూ వలస ఇళ్ల పిల్లలే. ఒకరు చివరిదాకా దాచారు. ఒకరు అమ్మ పోయాక చెప్పారు. ఒకరు ముందు ఇంట్లో చెప్పి ఆ తర్వాతే పాటలతో బయటికొచ్చారు. మన అబ్బాయి ముగ్గురి పాటలూ వింటాడు. మూడో కుర్రాడిలా తన వల్ల అవుతుందా అని లెక్కలు వేసుకుంటుంటాడు.

ఆశా భోంస్లే పాటకీ అక్కడే స్టెప్పులు

‘విదేశాలకెళ్లి చెడిపోయారు’ అని ఓ మాట మన దగ్గర సులువుగా అనేస్తారు. వెళ్లినవాళ్లు నిజానికి చేసిందేమిటో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘త్రికోణ్’ అనే బృందం మొదలైంది. దక్షిణాసియా నుంచి వచ్చిన గే, లెస్బియన్‌ల కోసం పెట్టుకున్నది. 1988లో లండన్‌లో ‘శక్తి’ వచ్చింది. 1995లో అదే లండన్‌లో డీజే రీతూ, రీటా అనే ఇద్దరు ‘క్లబ్ కాళి’ మొదలుపెట్టారు. అక్కడ హిందీ సినిమా పాటలు, భాంగ్రా, పాశ్చాత్య పాప్... అన్నీ ఒకే రాత్రి మోగుతాయి. పేరు చూశారుగా... కాళి, శక్తి, త్రికోణ్. ఇల్లు వదిలి అంతదూరం వెళ్లినవాళ్లు ఇంటిని మర్చిపోవడానికి పెట్టుకునే పేర్లేనా ఇవి?

ఒక గదిలో తెల్లవాళ్ల పాటలకి గే కుర్రాడు. ఇంకో గదిలో ఆవకాయ తినే తెలుగు కుర్రాడు. ఇద్దరూ ఒకేచోట ఉండగలిగేది ఇలాంటి వేదికల మీదే. అందుకే అతనికి శనివారం రాత్రి అంత ముఖ్యం. అది సరదా ఒక్కటే కాదు. వారంలో ఆరు రోజులు రెండు ముక్కలుగా తిరిగినవాడు ఆ ఒక్కరోజు ఒకే మనిషవుతాడు.

శామీర్‌పేట చెరువు దాటితే...

ఇంతకీ అమ్మకి తెలియని సంగతి మరోటుంది. కొడుకు డల్లాస్‌లో వెతుక్కుంటున్నది ఇంటికి దగ్గర్లోనే కొంత దొరుకుతోంది!

శామీర్‌పేట అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది చెరువు, కట్టమైసమ్మ గుడి, జింకల పార్కు, దాబాలు. ఆ శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఏర్పడింది. 2015లో అక్కడ చదివిన ఒకరు తన సర్టిఫికెట్‌లో పేరు ముందు ‘మిస్టర్’, ‘మిస్’ రెండూ వద్దన్నారు. ఆడో మగో చెప్పని ‘మిక్స్’ అన్న పదం పెట్టమన్నారు. విశ్వవిద్యాలయం సరేనంది. అచ్చంగా మన ‘వచ్చిన్రు’ లాంటి మాటే. తేడా ఒక్కటే... ఇక్కడ అది దాక్కోవడానికి కాదు, గౌరవంగా నిలబడటానికి. 2022లో హాస్టల్లో ఒక అంతస్తును జెండర్‌తో నిమిత్తం లేకుండా, ఇలాంటి విద్యార్థులు నిశ్చింతగా ఉండేలా కేటాయించారు కూడా.

చట్టం కథ ఇంకా పొడవు. ఐపీసీ 377 సెక్షన్ 1860 నాటిది. దాని ప్రకారం ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం కూడా నేరమే. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్లీ నేరమేనంది. అప్పుడు మన అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. టీవీలో వార్త వస్తుంటే నాన్న చానల్ మార్చాడు. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఇష్టపూర్వకమైతే నేరం కాదని తేల్చారు. ఇన్నాళ్లు పడిన బాధకు చరిత్ర ఈ మనుషులకు క్షమాపణ చెప్పాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. ఆ తీర్పు వచ్చేసరికి డల్లాస్‌లో అర్ధరాత్రి దాటింది. నలుగురున్న ఇంట్లో దుప్పటి కింద ఫోన్ వెలుగులో ఒక కుర్రాడు ఆ వార్త చదువుకుని, ఎవరికీ వినబడకుండా ఏడ్చాడు.

ఇది జబ్బేమో, డాక్టరుకి చూపిస్తే తగ్గుతుందేమో అన్న అనుమానం చాలా ఇళ్లలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని స్పష్టం చేసింది. ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సలను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. దాని వెనక మద్రాస్ హైకోర్టు ఉంది. అక్కడ 2021లో ఇలాంటి కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఒక అరుదైన పని చేశారు. తనకీ ఈ విషయం పూర్తిగా తెలియదని ఒప్పుకుని, ముందు ఓ సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాతే తీర్పిచ్చారు. న్యాయమూర్తికే నేర్చుకోవడానికి సమయం పట్టింది. మేడ్చల్ అమ్మకి రేపటికల్లా అర్థమైపోవాలనడం అన్యాయమే. నేర్చుకోవాలని అనుకుంటే చాలు.

అయితే అన్నీ సర్దుకున్నాయా అంటే లేదు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య బెంగాలీ, పంజాబీ పద్ధతుల్లో పెళ్లి వేడుక జరుపుకొన్నారు. ఆ పెళ్లికి చట్టం గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఒప్పుకోలేదు, అది పార్లమెంటు తేల్చాల్సిన సంగతంది. రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేసింది. అమెరికాలో 2015 జూన్ 26 నుంచి దేశమంతటా ఇలాంటి పెళ్లి చెల్లుతుంది. అంటే మన అబ్బాయి డల్లాస్‌లో పెళ్లి చేసుకుంటే అక్కడ చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ దంపతులు. శంషాబాద్‌లో విమానం దిగగానే... వట్టి ఫ్రెండ్స్!

ఆ ఫొటోలో అమ్మాయి

కథలో ఇంకో మనిషిని మర్చిపోకూడదు. సిద్దిపేట అమ్మాయి.

‘అన్నీ ఉత్తుత్తి వేషాలు. పెళ్లి చేస్తే వాడే దార్లోకొస్తాడు’ అనే పెద్దలకి కొదవ లేదు. ఏడుపులు, ఒట్లు, నాన్న బీపీ, అమ్మ ఉపవాసం... వీటికి లొంగి తాళి కట్టేసే అబ్బాయిలు లేకపోలేదు. అప్పుడేమవుతుంది? వాళ్లింట్లోనూ ఓ తండ్రి అప్పు చేసి ఉంటాడు. వాళ్లమ్మా ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ దాకా వచ్చి కళ్లు తుడుచుకుంటుంది. ఆ అమ్మాయి మాత్రం పరాయి దేశంలో, భర్త ఉద్యోగం మీద ఆధారపడిన వీసాతో, తనలో లోపమేమిటో అర్థంకాక అద్దం ముందు నిలబడుతుంది. తప్పు ఆమెది కాదు. ఆ మాట ఆమెకి చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

‘ఇప్పుడొద్దమ్మా’ అని మూడేళ్లుగా అంటున్న కుర్రాడు తనని తాను కాపాడుకోవడం ఒక్కటే చేయడం లేదు. ముక్కూమొహం తెలియని ఆ పిల్లనీ కాపాడుతున్నాడు. ఆ సంగతి అమ్మకి తెలిస్తే కొడుకుని చూసి కాస్త గర్వపడుతుందేమో!

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఒంటరివాళ్లేమీ కాదు. ‘స్వీకార్’ పేరుతో దేశంలో ఓ తల్లిదండ్రుల బృందం ఉంది. 2023లో పెళ్లి కేసు విచారణ జరుగుతున్నప్పుడు నాలుగు వందల మందికి పైగా అమ్మానాన్నలు భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. మా పిల్లల పెళ్లి చట్టబద్ధంగా చూడాలని ఉందని. అందరూ మొదటిరోజే ఒప్పుకున్నవాళ్లు కాదు. ఏడ్చినవాళ్లు, తిట్టినవాళ్లు, నెలల తరబడి మాట్లాడనివాళ్లు కూడా అందులో ఉన్నారు. చివరికి పిల్లల పక్కన వచ్చి నిలబడ్డారు.

వచ్చే ఆదివారం

వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మళ్లీ ఫోన్ మోగుతుంది. అమ్మ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనిస్తుంది. డల్లాస్‌లో చెయ్యి అలవాటుగా సౌండు తగ్గించడానికి వెళ్తుంది.

అప్పుడు అమ్మ ‘గా సప్పుడేంది’ అని కాకుండా ఇంకోలా అడిగిందనుకుందాం.

‘‘ఎవరి పాట బిడ్డా అది? మంచిగనే ఉంది. జర పెద్దగ పెట్టు, నేను గూడ వింట.’’

పక్క గదిలోంచి నాన్న కూడా వస్తాడు. ఆ పాటలో మాటలు ఇద్దరికీ అర్థం కావు. గొంతు బాగుందంటాడు నాన్న. మా ఘంటసాల అంత కాదనుకో, అని కూడా అంటాడు. కొడుకు నవ్వుతాడు. మూడేళ్లలో ఫోన్‌లో అలా నవ్వింది ఇదే మొదటిసారి.

‘‘ఇయ్యాల ఫ్రెండ్సెవరన్న వచ్చిన్రా?’’ అంటుంది అమ్మ.

అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. పాట మాత్రం మోగుతూనే ఉంటుంది.

‘‘వచ్చిండమ్మా.’’